'చిన్నవాడే కదా!' అనే ముందు - వయసును తెలిపే ఖుర్ఆన్ పదాలు

తెలుగునాట ఆడపిల్ల ఈడేరగానే 'పెద్దమనిషి అయింది' అంటారు. ఆమెకు అప్పటికి పదమూడేళ్ళో పద్నాలుగేళ్ళో ఉంటాయి. అదే ఇంట్లో పదహారేళ్ళ ఆమె అన్న ఫజ్ర్ అజాన్ విని కూడా ముసుగుతన్ని పడుకుంటే, తల్లి 'చిన్నపిల్లాడు, పడుకోనివ్వండి' అంటుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోనూ ఇదే తీరు. 'అభీ బచ్చా హై' అన్న ఒక్క మాటతో నమాజ్, రోజా రెండూ వాయిదా పడిపోతాయి. ఇక తండ్రి పోయిన పిల్లవాడు ఇరవై నాలుగేళ్ళవాడై తన వాటా గురించి అడిగితే, 'నీకింకా లోకం తెలియదురా, చిన్నవాడివి' అని మాట దాటవేసే బాబాయిలు మన సమాజంలో లేరా? ఒకే మాట అటు అల్లాహ్ హక్కునూ, ఇటు దాసుల హక్కునూ ఆపేస్తోంది.

దివ్యఖుర్ఆన్ వయసు విషయంలో ఇలా వదులుగా మాట్లాడదు. మనిషి ఏ మజిలీలో ఉన్నాడో ఆ మజిలీకి తగిన పదాన్నే వాడుతుంది. ఆ పదం వెంట కొన్ని హక్కులు, కొన్ని బాధ్యతలు వస్తాయి. ఈ వ్యాసంలో ఆ పదాలలో ముఖ్యమైన వాటిని పరిశీలిద్దాం.

అల్ మోమిన్ సూరా (40:67)లో మానవ జీవితం మూడు మజిలీలుగా కనిపిస్తుంది: తిఫ్ల్, అంటే పసితనం. అషుద్ద్, అంటే నిండు బలం. షుయూఖ్, అంటే ముసలివారు. అర్ రూమ్ సూరా (30:54)లో ఇదే విషయం మరో విధంగా వచ్చింది. ముందు బలహీనత, తర్వాత బలం, ఆ తర్వాత మళ్ళీ బలహీనత, దానితోపాటు నెరసిన జుట్టు. ఈ మజిలీల మధ్య అరబీ భాషలో ఎన్నో మెట్లు ఉన్నాయి. ప్రసిద్ధ భాషావేత్త సాలబీ (మరణం హి. 429) తన 'ఫిఖ్‌హుల్ లుగహ్'లో మనిషి వయసు దశల పేర్లకు ప్రత్యేకంగా చోటు కేటాయించారు. పాలు తాగే బిడ్డ రజీ, పాలు మాన్పించిన బిడ్డ ఫతీమ్, ఎదిగివస్తున్న పిల్లవాడు యాఫి, యుక్తవయసు అంచుకు చేరినవాడు మురాహిఖ్. మురాహిఖ్ అన్న పదంలో 'దగ్గరికి వచ్చేశాడు' అన్న అర్థం ఉంది. మన తల్లులు 'మీసాలొస్తున్నాయి వీడికి' అంటారే, అదే దశ.

తిఫ్ల్, సబియ్య్, గులామ్

తిఫ్ల్ అంటే పసివాడు. కాని ఆ పసితనాన్ని ఖుర్ఆన్ సంవత్సరాలతో కొలవలేదు. అన్ నూర్ సూరా (24:31)లో స్త్రీల మరుగు విషయాలు ఇంకా తెలియని పిల్లల ప్రసక్తి వస్తుంది. అక్కడ వాడిన పదం తిఫ్ల్. అంటే ఎరుక కలగనంతవరకే పసితనం. అదే సూరాలో (24:58-59) పిల్లలు మూడు వేళల్లో, అంటే ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రమించే వేళ, ఇషా తర్వాత, పెద్దల గదిలోకి అనుమతి లేకుండా రాకూడదని ఆదేశం ఉంది. వారు 'హులుమ్'కు చేరిన తర్వాత ఏ వేళకైనా అనుమతి అడగాలి. ఒకే గది ఇళ్ళలో ఇదెలా సాధ్యమని కొందరు అడుగుతారు. తలుపు లేకపోతే పరదా ఉంటుంది, పరదా కూడా లేకపోతే గొంతు సవరించుకోవడం ఉంటుంది. ఆదేశం గది గురించి కాదు, ఎదుటివారి మరుగును గౌరవించడం గురించి.

సబియ్య్ అంటే బాలుడు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) ఊయలలో మాట్లాడిన సందర్భంలోనూ (19:29), హజ్రత్ యహ్యా (అలైహిస్సలాం)కు చిన్నతనంలోనే వివేకం ప్రసాదించిన సందర్భంలోనూ (19:12) ఈ పదమే వచ్చింది. చిన్నవాడు గనుక ఏమీ అర్థం కాదనుకునే వారు ఈ రెండో ఆయత్ దగ్గర కాసేపు ఆగాలి.

గులామ్ అంటే ఎదుగుతున్న అబ్బాయి. బావిలో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను చూసిన బాటసారి ఆయన్ని గులామ్ అనే అన్నాడు (12:19). ఉర్దూలోకి వచ్చేసరికి ఈ పదానికి బానిస అన్న అర్థమే మిగిలింది. గులాం రసూల్ అని పేరు పెట్టుకునే మన పెద్దలు సేవకుడనే అర్థంలోనే పెట్టుకున్నారు. కాబట్టి ఉర్దూ వచ్చినంత మాత్రాన ఖుర్ఆన్ పదం అర్థమైపోయిందనుకోవడం పొరపాటు.

హద్దు ఎక్కడ?

బాల్యానికీ బాధ్యతకూ మధ్య ఉన్న గీత పేరు బులూగ్. ఆ గీత దాటినవాడు బాలిగ్. నిద్రపోతున్నవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయసుకు చేరే వరకు, మతిస్థిమితం లేనివాడికి తెలివి వచ్చే వరకు కలం ఎత్తివేయబడి ఉంటుందన్న హదీసు (అబూ దావూద్) మనందరికీ తెలిసినదే. బాలుడు యుక్తవయసుకు చేరగానే ఆ కలం మళ్ళీ రాయడం మొదలుపెడుతుంది.

శరీరంలో కనిపించే సూచనలతో ఈ హద్దు తెలుస్తుంది. సూచనలు కనిపించకపోతే? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉహుద్ సందర్భంగా 14 ఏళ్ళ వయసులో తనను తాను యుద్ధానికి సమర్పించుకున్నారు. దైవప్రవక్త (సఅసం) అనుమతించలేదు. ఖందఖ్ సందర్భంగా 15 ఏళ్ళ వయసులో మళ్ళీ వచ్చారు. ఈసారి అనుమతి లభించింది (బుఖారీ, ముస్లిం). తర్వాతి కాలంలో ఆయన శిష్యులు హజ్రత్ నాఫె ఈ సంగతిని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్‌కు వినిపించారు. చిన్నవారికీ పెద్దవారికీ మధ్య హద్దు ఇదేనని ఖలీఫా నిర్ణయించి తన అధికారులకు రాసి పంపారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో సూచనలు లేనప్పుడు బాలుడికి 18, బాలికకు 17 ఏళ్ళు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) ఇద్దరికీ 15 ఏళ్ళే అన్నారు. హనఫీ ఫత్వా ఈ 15 ఏళ్ళ మీదే ఉంది.

ఇక్కడ తల్లిదండ్రులు మరచిపోయే లెక్క ఒకటుంది. ఈ 15 ఏళ్ళు చాంద్రమాన సంవత్సరాలు. హిజ్రీ ఏడాది సుమారు 354 రోజులే. కనుక బర్త్ సర్టిఫికెట్ ప్రకారం పిల్లవాడికి 14 ఏళ్ళ ఆరున్నర నెలలు దాటాయంటే, ఏ సూచనా కనిపించకపోయినా హిజ్రీ లెక్కన 15 నిండినట్లే. పదో తరగతి పరీక్షలని, ట్యూషన్లని వదిలేసిన నమాజులు చాలావరకు ఈ గీత దాటాక వదిలినవే. వాటి ఖజా వారి మెడ మీదే ఉంటుంది. తాత రాసిచ్చిన డబ్బో, తల్లి పెట్టిన బంగారమో అతని పేరిట నిసాబ్ మేరకు ఉంటే హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ లెక్క కూడా బులూగ్‌తోనే మొదలవుతుంది.

ఆడపిల్ల విషయంలో మరో వింత. కొన్ని ముస్లిం ఇళ్ళలో సైతం ఆమె ఈడేరిన సంగతిని షామియానా వేసి, భోజనాలు పెట్టి ఊరంతా చాటుతారు. కాని ఆ రోజు నుంచి ఆమె మీద విధి అయిన గుస్ల్, నమాజ్, రోజా నియమాలను కూర్చోబెట్టి చెప్పే వారుండరు. మొదటిది హయాకు విరుద్ధం, రెండవది తల్లి చేయవలసిన పని.

ఇంకొక ముఖ్య విషయం. బులూగ్ అంటే ఇబాదత్ బాధ్యత మొదలైందని అర్థం. సంసార భారం మోయడానికి సిద్ధమైందని కాదు. ఆ సామర్థ్యానికి ఖుర్ఆన్‌లో వేరే పదం ఉంది, దాన్ని కింద చూస్తాం. పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 అని 2006 నాటి మన దేశ చట్టం పెట్టిన హద్దును, 'ఈడొచ్చింది కదా' అన్న మాటతో దాటేవారు ఈ రెండు పదాలనూ కలిపేస్తున్నారు.

ఫతా: యౌవనానికి గౌరవం

యౌవనాన్ని తెలిపే పదాల్లో మా దృష్టిలో ఎంతో అందమైనది ఫతా. విగ్రహాలు విరిగిపడి ఉన్న గుడి ముందు నిలబడి జనం అన్నదేమిటి? ఇబ్రాహీమ్ అనే ఒక ఫతా వీటిని గురించి మాట్లాడుతుంటే విన్నామని (21:60). గుహవాసులను అల్లాహ్ ఫిత్యహ్ అన్నాడు (18:13). ఇది ఫతాకు బహువచనం. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వెంట ప్రయాణించిన యువ సహచరుణ్ణీ ఫతా అనే పేర్కొన్నాడు (18:60). ఆయన హజ్రత్ యూషా బిన్ నూన్ అని బుఖారీ హదీసు తెలుపుతోంది. ఈ ముగ్గురి సంగతుల్లోనూ యౌవనం పక్కన ధైర్యమో, విశ్వాసమో, సేవో ఉంది. ఖాళీగా తిరిగే యౌవనం లేదు.

ఈ పదాన్ని ప్రవక్త మహనీయులు (సఅసం) మరో పనికి కూడా వాడారు. యజమాని తన కింద ఉన్నవారిని 'నా బానిస' అని పిలవవద్దని, 'నా ఫతా, నా ఫతాత్' అనమని బోధించారు (బుఖారీ, ముస్లిం). హీనపరిచే మాటను తీసేసి యువకుణ్ణి పిలిచే మాటను పెట్టారు. ఈనాడు దుకాణంలో పనిచేసే కుర్రాణ్ణి 'ఒరేయ్' అని కేకేసే సేట్లు ఈ హదీసును గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మనం రోజూ వినే ఫత్వా అన్న మాట కూడా ఈ కుదురుదే. కొత్తగా ఎదురైన సమస్యకు బలమైన, తాజా జవాబు అని భాషావేత్తలు దీన్ని వివరించారు.

షాబ్ మరో పదం. అరబీలో నిప్పు రాజుకోవడానికీ ఇదే ధాతువు. కాబట్టి షబాబ్ అంటే రాజుకునే వయసు. ఆ నిప్పుతో వంటా వండవచ్చు, ఇల్లూ కాల్చవచ్చు. అర్ష్ నీడ పొందే ఏడుగురిలో దైవారాధనలో పెరిగిన షాబ్ ఒకడని హదీసు (బుఖారీ, ముస్లిం). మరోవైపు వ్యభిచారానికి అనుమతి అడగడానికి ప్రవక్త సన్నిధికి వచ్చినవాడు కూడా యువకుడే. చుట్టూ ఉన్నవారు గద్దించారు. ఆయన (సఅసం) మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, నీ తల్లికి, కుమార్తెకు, సోదరికి ఇలా జరిగితే ఇష్టపడతావా అని ఒక్కొక్కరి పేరుతో అడిగి, అతని మీద చేయి ఉంచి దుఆ చేశారు (అహ్మద్). అతనిని 'చిన్నవాడు, తెలియక అడిగాడు' అని వదిలెయ్యలేదు. అవమానించి వెళ్ళగొట్టనూ లేదు. ఆలోచించగల మనిషిగా చూసి ప్రశ్నలడిగారు. మన ఇళ్ళలో కొడుకు ఫోనులో చూడరానిది చూస్తున్నాడని తెలిసినప్పుడు జరిగేది ఈ మూడింటిలో ఏదో ఎవరికి వారు చూసుకోవాలి.

రుష్ద్: ఆస్తి ఎప్పుడు అప్పగించాలి?

ఇప్పుడు అసలు చిక్కు ముడి దగ్గరికి వచ్చాం. అన్ నిసా సూరా (4:6)లో అనాథ పిల్లల ఆస్తి గురించి చెబుతూ అల్లాహ్ రెండు షరతులు పెట్టాడు. ఒకటి, వారు నికాహ్ ఈడుకు చేరడం. రెండు, వారిలో రుష్ద్ కనిపించడం. మొదటిది శరీరంతో వస్తుంది, రెండవది వివేకంతో. రుష్ద్ అంటే మేలు కీడు తెలిసి సరైన దారిన నడవడం. దీనికి వ్యతిరేక పదం గయ్య్, దారి తప్పడం (2:256). ఆస్తి సందర్భంలో రుష్ద్ అంటే డబ్బును చక్కగా వాడుకోగలగడమని హనఫీ విద్వాంసులు వివరించారు. ఇమామ్ షాఫయీ (రహ్మ) దీనికి ధర్మపరాయణతను కూడా జోడించారు.

ఆయత్‌లో ఈ పదం పరిమితి లేకుండా, 'కొంత రుష్ద్' అని అర్థమయ్యేలా వచ్చిందని వ్యాఖ్యాతలు గుర్తించారు. అంటే పిల్లవాడు లోకంలోకెల్లా తెలివైన వ్యాపారి కానక్కరలేదు. తన డబ్బును పాడుచేసుకోకుండా ఉంటే చాలు. 'నాకున్నంత అనుభవం వాడికి వచ్చాక ఇస్తాను' అనే సంరక్షకుడు అల్లాహ్ పెట్టని షరతు పెడుతున్నాడు.

రుష్ద్ వచ్చిందో లేదో తెలిసేదెలా? ఆ ఆయత్ మొదటి మాటే 'పరీక్షించండి' అన్నది. బులూగ్‌కు ముందు నుంచే ఈ పరీక్ష మొదలవ్వాలని హనఫీలు అంటారు. సంరక్షకుని అనుమతితో బాలుడు చిన్న చిన్న క్రయవిక్రయాలు చేయవచ్చన్న నియమం దీని మీదే నిలిచింది. నెల సరుకులకు డబ్బిచ్చి పంపండి, చిల్లర లెక్క అడగండి. కౌలు డబ్బు వసూలుకు తోడు తీసుకువెళ్ళండి. కొట్లో ఒక పూట కూర్చోబెట్టి సాయంత్రం గల్లా లెక్క చూడండి. పద్దెనిమిది నిండే దాకా పది రూపాయలు చేతికివ్వకుండా పెంచి, ఆ మర్నాడే బండి తాళం, బ్యాంకు పుస్తకం రెండూ చేతిలో పెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇదీ ఆయత్‌కు విరుద్ధమే. పరీక్ష లేకుండా అప్పగించడం ఒక తప్పు, రుష్ద్ కనిపించినా అప్పగించకపోవడం మరో తప్పు. వీటిలో రెండవదే పెద్దదని మేము భావిస్తాం. ఎందుకంటే అది చాలాసార్లు పొరపాటున జరగదు.

ఆ సంగతి కూడా ఆయత్‌లోనే ఉంది. వాళ్ళు పెద్దవాళ్ళైపోతారేమో అన్న తొందరలో వారి సొమ్మును తినెయ్యవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. పెరగడమే సంరక్షకునికి భయమైపోయే పరిస్థితి! 'చిన్నవాడు' అన్న మాట ఎవరి ప్రయోజనానికి పనికొస్తుందో ఇక్కడ తేటతెల్లమవుతోంది. స్థితిపరుడైన సంరక్షకుడు ఆ సొమ్ముకు దూరంగా ఉండాలి. పేదవాడైతే న్యాయమైన మేరకు తీసుకోవచ్చు. అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలి. ఇంటి లోపలే మాటలతో ముగిసే పంపకాలు తర్వాత కోర్టుకెక్కడానికి ఈ చివరి ఆదేశాన్ని విడిచిపెట్టడం ఒక కారణం.

మరి రుష్ద్ రానే రాకపోతే? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) 25 ఏళ్ళు నిండాక ఆస్తి అతనికి ఇచ్చేయాలన్నారు. ఆయన తర్కం ఆసక్తికరం. బాలుడు త్వరగా యుక్తవయసుకు వచ్చేది 12 ఏళ్ళకు. గర్భానికి కనీస గడువు ఆరు నెలలు. ఆ బిడ్డ కూడా 12 ఏళ్ళకు ఎదిగి, ఆరు నెలలకు తండ్రి అయితే, మొదటివాడు 25 ఏళ్ళకు తాత కాగలడు. తాత కాగల మనిషిని ఇంకా పిల్లవాడిగా ఎలా చూస్తారు? ఆయన శిష్యులిద్దరూ ఏకీభవించలేదు. రుష్ద్ కనిపించనంతవరకు, ఎంత వయసొచ్చినా ఇవ్వరాదన్నారు. అయితే ఈ అభిప్రాయభేదం నిజంగా డబ్బు తగలేసే వాడి గురించే. బుద్ధిగా ఉద్యోగం చేసుకునే మేనల్లుడి వాటాను ఆపడానికి ఎవరి మాటలోనూ ఆధారం దొరకదు.

ఇదే సందర్భంలో మరో పదం అషుద్ద్. అనాథ ఆస్తి గురించి రెండు చోట్ల (6:152, 17:34) ఇదే వచ్చింది. గోడ కింద నిధి ఉన్న ఇద్దరు అనాథ పిల్లలు గుర్తున్నారు కదా! ఆయత్ (18:82) మొదట వారిని గులామ్‌లు అంది. వారు తమ అషుద్ద్‌కు చేరి నిధిని తీసుకోవాలని అల్లాహ్ సంకల్పించాడు. గులామ్ నుంచి అషుద్ద్ దాకా ఆ గోడ నిలబడాలి. సంరక్షకుడి పని ఆ గోడ పని.

కహ్ల్, షైఖ్

నడివయసు నిండుతనానికి పదం కహ్ల్. మొక్క పూర్తి ఎత్తుకు ఎదిగి పూతకొచ్చినప్పుడు అరబ్బులు ఈ ధాతువునే వాడతారు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) ఊయలలోనూ, కహ్ల్‌గానూ మాట్లాడతారని ఖుర్ఆన్ (3:46). ఊయలలో మాట్లాడటం అద్భుతం. నడివయసులో మాట్లాడటంలో విశేషమేముంది? ఆయన తిరిగి భూమికి రావడానికి ఇందులో సూచన ఉందని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు.

తిర్మిజీలో రెండు హదీసులను పక్కపక్కన పెట్టి చదవాలి. హజ్రత్ హసన్, హుసైన్ (రజి) స్వర్గవాసులైన యువకులకు నాయకులు. హజ్రత్ అబూబక్ర్, ఉమర్ (రజి) స్వర్గవాసులైన కుహూల్‌కు, అంటే నడివయసువారికి నాయకులు. రెండు వయసులకూ వేర్వేరు నాయకత్వం ఉంది, ఒకదాన్ని మరొకటి చిన్నబుచ్చలేదు.

ఈ రెండు పదాలు ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి). హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను బద్ర్ పెద్దల సభలో కూర్చోబెట్టుకునేవారు. మాకూ ఇంతటి కొడుకులున్నారు కదా అని కొందరు అన్నారు. అప్పుడు ఆయన అందరినీ అన్ నస్ర్ సూరా భావం అడిగారు. మిగతావారు పైపై అర్థం చెప్పారు, ఇబ్నె అబ్బాస్ (రజి) మాత్రం ఇది ప్రవక్త (సఅసం) అంతిమ ఘడియకు సూచన అన్నారు (బుఖారీ). ఆయనకు హజ్రత్ ఉమర్ (రజి) పెట్టిన పేరు 'ఫతల్ కుహూల్', నడివయసువారిలో యువకుడు. అడిగే నాలుక, ఆలోచించే హృదయం ఉన్నందుకు ఆ పేరు పెట్టారు. ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే పనిని అప్పగిస్తూ హజ్రత్ అబూబక్ర్ (రజి) కూడా హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)లో చూసింది రెండు గుణాలను: షాబ్, ఆఖిల్ (బుఖారీ). యువకుడు, వివేకి.

అలాగని పెద్దల ముందు మాట లాక్కోవచ్చని కాదు. ఖైబర్‌లో హతుడైన ఒక సహాబీ విషయంలో ఫిర్యాదుతో వచ్చినవారిలో చిన్నవారు ముందుగా మాట్లాడబోతే, పెద్దవారిని మాట్లాడనివ్వమని ప్రవక్త (సఅసం) ఆపారు (బుఖారీ). జ్ఞానం అడిగినప్పుడు తెలిసినవాడు, వరుస వచ్చినప్పుడు పెద్దవాడు.

40 ఏళ్ళ వయసును ఖుర్ఆన్ పేరుపెట్టి చెప్పింది (46:15). ఆ వయసుకు చేరిన మనిషి దుఆలో తల్లిదండ్రులూ ఉన్నారు, సంతానమూ ఉంది. ఒక చేయి పైతరాన్ని, ఒక చేయి కిందితరాన్ని పట్టుకున్న వయసది.

ఇక షైఖ్. అరబీలో దీని అర్థం ముసలివాడు. హజ్రత్ సారా తన భర్తను గురించి (11:72), మద్‌యన్ బావి దగ్గర ఇద్దరమ్మాయిలు తమ తండ్రిని గురించి (28:23) ఈ మాటే అన్నారు. వయసుతో వచ్చే గౌరవం వల్ల తెగ పెద్దకూ, గురువుకూ ఇదే పేరైంది. మన ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో నిన్న పుట్టిన పాపాయి రేషన్ కార్డులోనూ ఇంటిపేరు షేక్!

షైఖ్ దాటాక 'అర్జలుల్ ఉమర్' (22:5) ఉంది, తెలిసినవన్నీ మరచిపోయే వయసు. ఇక్కడ పదాలు వెనక్కి తిరుగుతాయి. అల్ బఖరహ్ సూరాలోని అప్పు ఆయత్ (2:282)లో స్వయంగా రాయించలేని బలహీనుని తరఫున అతని వలీ న్యాయంగా రాయించాలని ఉంది. ఆ బలహీనుడు అంటే చిన్న పిల్లవాడు గానీ, మతి తప్పిన ముసలివాడు గానీ అని ఎందరో వ్యాఖ్యాతలు వివరించారు. ఒకనాడు కొడుకు ఆస్తికి వలీగా ఉన్న తండ్రి ఇప్పుడు కొడుకు సంరక్షణలోకి వచ్చాడు. తండ్రి పెన్షన్ పుస్తకం, ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉన్న ఇళ్ళు ఈనాడు తక్కువేం కాదు. ఆ సొమ్ము తండ్రిది. ముందు ఆయన మందులకు, తిండికి, ఆయన ఇవ్వదలచిన సదఖాకు ఖర్చు కావాలి. దానికి విడిగా లెక్క రాసి, తోబుట్టువులు అడిగినప్పుడు చూపించాలి. స్థితిపరుడైన కొడుకు దాని జోలికి పోకూడదు. లేనివాడైతే న్యాయమైన మేరకే వాడుకోవాలి.